సంతకం తీసుకున్నది నేను, ఇన్నేళ్ళుగా సమాధానం చెప్పుకుంటున్నదీ నేనే

మాగాణిగట్టు:

సభ్యులందరికీ నమస్కారం. నాకు 59 ఏళ్ళు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా తాతగారి నుండి నాన్నగారికి వచ్చిన 4 ఎకరాల 20 సెంట్ల మాగాణి ఉండేది. 2007లో నాన్నగారు వీలునామా రాయకుండానే కాలం చేశారు. 2009లో నేను మా చెల్లెలిని ఒంగోలు నుండి పిలిపించి, సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి తీసుకువెళ్ళి, ఆ భూమిలో తనకున్న హక్కును నాకు వదులుకున్నట్టు దస్తావేజు మీద సంతకం చేయించుకున్నాను. అమ్మ కూడా అదే రోజు వేలిముద్ర వేసింది.

నేను బలవంతం చేయలేదు, గొంతు పెంచలేదు. లేఖరి వేలు పెట్టి చూపించిన చోటల్లా చెల్లెలు సంతకం చేసింది. ప్రతి పేజీకీ “ఇక్కడేనా అన్నయ్యా?” అని అడిగింది గాని, అందులో ఏం రాశారని ఒక్కసారి కూడా అడగలేదు. బొటనవేలికి అంటిన సిరా పోకపోతే చీర కొంగుతో తుడుచుకుంది, కొంగుకు నీలపు మరక పడింది. అది చూసి నేను వేరే చీర కొనిపెడతానని బజారుకు తీసుకువెళ్ళాను. ఇంటికి వచ్చాక ఆ చీర ఖరీదును ఒక పుస్తకంలో రాసుకున్నాను.

ఆ పుస్తకం గురించి చెప్పడానికే ఈ చర్చ మొదలుపెట్టాను. అందులో 1991లో చెల్లెలి పెళ్ళికి ఇచ్చిన లక్ష రూపాయల కట్నం, 20 కాసుల బంగారం, రెండు పురుళ్ళ ఖర్చు, ప్రతి సంక్రాంతికీ పెట్టిన చీరలు, మేనకోడలి ఓణీల వేడుకకు పెట్టిన సారె, చివరికి బస్సు ఛార్జీలు కూడా ఉన్నాయి. 2015లో అమరావతికి శంకుస్థాపన జరిగిన రోజుల్లో మా వైపు కూడా భూముల ధరలు పెరిగాయి. అప్పుడు ఎకరంన్నర అమ్మి ఇల్లు కట్టుకున్నాను. గృహప్రవేశానికి చెల్లెలు వచ్చి అన్ని గదులూ తిరిగి చూసి “చాలా బాగుంది అన్నయ్యా” అన్న రాత్రి కూడా నేను ఆ పుస్తకం తీసి కూడికలు సరిచూసుకున్నాను.

నేను తప్పు చేయలేదని నిజంగా నమ్మితే ఈ లెక్క ఎవరికి చూపించడానికి రాస్తున్నాను? తప్పేనని నమ్మితే ఇన్నేళ్ళు ఎందుకు ఊరుకున్నాను? ఈ రెండు ప్రశ్నలకూ నా దగ్గర జవాబు లేదు. కాస్త ఆలోచించి చెప్పగలరా?

గోదావరి న్యాయవాది:

ముందుగా చట్టం సంగతి స్పష్టం చేస్తాను, ఎందుకంటే మన సాకులలో సగం చట్టం మీద ఉన్న అస్పష్టత వల్లనే నిలబడుతున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోకి వచ్చింది. అప్పటికి పెళ్ళి కాని కుమార్తెలకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. మీ చెల్లెలి పెళ్ళి 1991లో జరిగింది కనుక, 2005లో కేంద్రం తెచ్చిన సవరణ దాకా కూడా వెళ్ళవలసిన పని లేదు. ఆమె హక్కు మీరు దయతో ఇచ్చేది కాదు, అప్పటికే ఆమెది. ఇక కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుండి నేరం. నేరంగా చెల్లించిన సొమ్మును వాటా కింద జమ కట్టుకోవడం ఏ లెక్కలోనూ కుదరదు.

అయితే రిజిస్టరయిన విడుదల దస్తావేజు చెల్లుతుంది. మోసమో ఒత్తిడో జరిగిందని రద్దు కోరాలన్నా, ఆ సంగతి తెలిసిన నాటి నుండి మూడేళ్ళలోగా కోర్టుకు వెళ్ళాలి. అంటే చట్టరీత్యా మీ మీదకు ఎవరూ వచ్చే అవకాశం చాలా తక్కువ. నా వృత్తిలో నేను చూసినదేమిటంటే, కోర్టు భయం ఉన్నవారికి నిద్ర పట్టకపోవడం ఒక రకం, ఆ భయం పూర్తిగా తొలగిపోయిన తరువాత కూడా నిద్ర పట్టకపోవడం మరొక రకం. మీది రెండవది.

నాగావళి:

నేను కొంత భిన్నంగా మాట్లాడతాను, దయచేసి ఎవరూ నొచ్చుకోవద్దు. మాది శ్రీకాకుళం జిల్లా. మా అక్కలు ఇద్దరూ ఇలాగే సంతకం చేశారు. మా నాన్నగారు పోయేనాటికి భూమి మీద ఉన్న అప్పు భూమి విలువలో సగానికి పైనే ఉండేది. ఆ అప్పు తీర్చింది నేను. పక్షవాతంతో మంచాన పడిన అమ్మకు ఆరేళ్ళు సేవ చేసింది నా భార్య. అక్కలు పండుగలకు వచ్చి, కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయేవారు. ఇవన్నీ నేను చెబితే సాకు అంటారా? జరిగినది జరిగినట్టు చెప్పడం సమర్థించుకోవడం ఎలా అవుతుంది?

ఇంకొక మాట. మనసు బాధ పడుతున్నంత మాత్రాన తప్పు జరిగినట్టు కాదు. ఆసుపత్రిలో తండ్రి ప్రాణం పోతున్న సమయానికి టీ తాగడానికి బయటికి వెళ్ళిన కొడుకు జీవితాంతం కుమిలిపోతాడు. అతను చేసిన నేరం ఏముంది? మనస్సాక్షి చెప్పే ప్రతి మాటా తీర్పు కాదు.

వరంగల్ అధ్యాపకుడు:

నాగావళి గారు లేవనెత్తిన ప్రశ్న ఈ చర్చకు చాలా అవసరమైనది. నేను మనస్తత్వశాస్త్రం బోధిస్తాను కనుక ఆ వైపు నుండి ఒక సంగతి చెబుతాను.

1959లో లియోన్ ఫెస్టింగర్, జేమ్స్ కార్ల్‌స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో తాము చేసిన ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. విద్యార్థుల చేత గంటసేపు విసుగు పుట్టించే పని చేయించారు. పళ్ళెంలో దారపు కండెలు పెట్టడం, తీయడం, ఒక చెక్కకు బిగించిన మేకులను కొద్దికొద్దిగా తిప్పడం, అంతే. ఆ తరువాత, బయట వేచి ఉన్న వ్యక్తితో “ఈ పని చాలా ఆసక్తికరంగా ఉంది” అని అబద్ధం చెప్పమని కోరి, కొందరికి ఒక డాలరు, మరికొందరికి 20 డాలర్లు ఇచ్చారు. చివరికి ఆ పని నిజంగా ఎలా ఉందని అడిగితే, 20 డాలర్లు తీసుకున్నవారు విసుగ్గానే ఉందన్నారు. ఒక డాలరు తీసుకున్నవారు మాత్రం బాగానే ఉందన్నారు. ఎక్కువ డబ్బు అందినవాడికి “డబ్బు కోసం అబద్ధం చెప్పాను” అనే కారణం చేతిలో ఉంది. ఒక్క డాలరు అందినవాడికి ఆ కారణం చాలలేదు, కనుక తాను చెప్పింది అబద్ధమే కాదని నమ్మవలసి వచ్చింది.

ఇది మన చర్చకు ఎలా వర్తిస్తుందంటే, నాగావళి గారికి అప్పు, అమ్మగారి సేవ అనే బరువైన కారణాలు ఉన్నాయి, కనుక ఆయన పుస్తకం రాయవలసిన అవసరం రాలేదు. మాగాణిగట్టు గారికి అటువంటి బలమైన కారణం లేదు. అందుకే చీరలను, బస్సు ఛార్జీలను పోగుచేసి బలమైన కారణంగా పేర్చుకోవలసి వచ్చిందని నాకు అనిపిస్తోంది. ఆ పుస్తకంలో ఒక్క పద్దు కూడా అబద్ధం అయి ఉండదు. మనం అబద్ధంతో మనల్ని మనం మోసం చేసుకోవడం అరుదు, నిజాలను ఏరుకుని మోసం చేసుకోవడమే ఎక్కువ.

ఒక ప్రశ్న అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ పుస్తకంలో మీ చెల్లెలు మీకు చేసినవి ఎక్కడైనా రాశారా?

ఆడపడుచు:

నేను ఇటువంటి సంతకం చేసినదానిని. మాది కరీంనగర్ జిల్లా. మాగాణిగట్టు గారూ, “ఏం రాశారని ఆమె అడగలేదు” అని మీరు రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అడగకపోవడాన్ని మీరు అంగీకారం అనుకున్నారు. నేను కూడా అడగలేదు. ఎందుకు అడగలేదో చెబుతాను.

అడిగితే మా అన్న ముఖం ఎలా మారుతుందో నాకు తెలుసు. వదినె ఆ రోజు నుండి నాతో ఎలా మాట్లాడుతుందో తెలుసు. బతుకమ్మ పండుగకు మా వీధిలోని ఆడపిల్లలందరూ పుట్టిళ్ళకు వస్తుంటే, నన్ను తీసుకురావడానికి ఎవరూ రాని సంవత్సరం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. ఒకవైపు రెండెకరాల చెలక, మరొకవైపు పుట్టిల్లు. ఆ రెండింటిలో ఒకదాన్ని ఎన్నుకోమని నన్ను ఎవరూ నోరు తెరిచి అడగలేదు, కాని ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ ప్రశ్న తెలుసు. నేను పుట్టిల్లు ఎన్నుకున్నాను. “ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా స్వఇష్టంతో” అని దస్తావేజులో రాశారు. ఆ మాటలో అబద్ధం లేదని ఎవరైనా అంటే నేను వాదించలేను. అది నిజమని అంటే మాత్రం ఒప్పుకోలేను.

నాగావళి గారూ, మీ భార్య మీ అమ్మగారికి చేసిన ఆరేళ్ళ సేవకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. కాని ఆ భూమి ఇప్పుడు ఆమె పేరు మీద ఉందా, మీ పేరు మీద ఉందా?

నాగావళి:

నా పేరు మీదే ఉంది. ఈ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు, నేనూ వేసుకోలేదు.

తిక్కన పాఠకుడు:

ఉద్యోగ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుడిని. ఈ చర్చ చదువుతుంటే ధర్మరాజు గుర్తుకు వస్తున్నాడు. మన సాహిత్యంలో నిజాన్ని ఏరుకుని చెప్పిన సందర్భం అంతకంటే ప్రసిద్ధమైనది మరొకటి లేదు. యుద్ధంలో పదిహేనవ రోజున అశ్వత్థామ అనే ఏనుగును భీముడు చంపాడు. “అశ్వత్థామ చనిపోయాడు” అన్న మాట ద్రోణుడి చెవిన పడేటట్టు చెప్పి, “ఏనుగు” అన్న మాటను వినపడకుండా అన్నాడు ధర్మరాజు. అప్పటివరకు నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ క్షణంలో నేలను తాకింది.

ఆ రథం సంగతి అందరూ చెబుతారు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది శాంతిపర్వం మొదట్లో ఉంది. కర్ణుడు తన అన్న అని యుద్ధం ముగిశాక తల్లి నోట విన్న ధర్మరాజు ఈ రాజ్యం నాకు వద్దు, అడవికి పోతానన్నాడు. అప్పుడు అర్జునుడు, భీముడు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు ఒకరి తరువాత ఒకరు ఆయనకు యుద్ధం ఎందుకు న్యాయమో చెప్పారు. అవి చిన్న కారణాలు కావు. నిండు సభలో అవమానం జరిగింది, అరణ్యవాసం జరిగింది, అయిదు ఊళ్ళు కూడా ఇవ్వనన్నారు. అంత గట్టి కారణాలు, అంత పెద్దవారు చెప్పినా ఆయనకు మనశ్శాంతి కలగలేదు. కర్ణుడికి చెప్పుకుందామంటే కర్ణుడు లేడు. మాగాణిగట్టు గారూ, మీ చెల్లెలు ఒంగోలులో ఉన్నారు. బస్సెక్కితే కొన్ని గంటల ప్రయాణం.

డాలస్ తెలుగింటి:

నాగావళి గారు అన్నట్టు తప్పు లేని చోట కూడా కుమిలిపోవడం ఉంటుందని నేను నా అనుభవంతో చెప్పగలను. 2020లో విమానాలు లేక అమ్మ అంత్యక్రియలు ఫోను తెర మీద చూశాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. కాని ఎంత వెతికినా ఆ రోజు నేను చేయగలిగి చేయనిది ఏమీ కనిపించదు. మాగాణిగట్టు గారి బాధకు, నా బాధకు ఉన్న తేడా అదే అనుకుంటాను. ఆయన చేయగలిగినది ఇంకా మిగిలి ఉంది.

మాగాణిగట్టు:

అందరి మాటలూ రెండు మూడుసార్లు చదివాను. వరంగల్ అధ్యాపకుడు గారి ప్రశ్నకు జవాబు ఇవ్వడానికి నాలుగు రోజులు పట్టింది. నా పుస్తకంలో చెల్లెలు చేసినవి ఒక్కటి కూడా లేవు. ఎడమవైపు పేజీలన్నీ ఖాళీగా ఉన్నాయి. వాటిని అలా ఎందుకు వదిలానో నాకే తెలియదు, అలవాటుగా కుడివైపే రాసుకుంటూ వెళ్ళాను.

మొన్న రాత్రి ఎడమవైపు రాయడానికి కూర్చున్నాను. నాన్నగారు చివరి నాలుగు నెలలు మంచంలో ఉన్నప్పుడు చెల్లెలు తన ఇల్లు వదిలి వచ్చి ఆయనకు స్నానం చేయించింది, మలమూత్రాలు ఎత్తింది. అప్పుడు నేను పొలం పనులని ఇంట్లో ఉండేవాడిని కాదు. పొలంలో బోరు వేయడానికి డబ్బు చాలకపోతే తన రెండు జతల గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టి తెచ్చి ఇచ్చింది. వాటిని విడిపించినట్టు నాకు గుర్తు లేదు. ఏ సంవత్సరమో కూడా రాయలేకపోయాను. కుడివైపు చీరల ఖరీదు రూపాయలతో సహా ఉంది. ఎడమవైపు ఆ గాజుల తూకం ఎంతో కూడా నాకు తెలియదు.

“చేసిన పాపం చెప్పుకుంటే పోతుంది” అంటారు. మీ అందరికీ చెప్పుకున్నాను. కొంచెం తేలికగా ఉంది. ఆ తేలికదనమే ఇప్పుడు నన్ను భయపెడుతోంది.

ఆడపడుచు:

ఆ భయాన్ని పోగొట్టుకోకండి. మాకు చెప్పడం వల్ల మీకు కలిగిన తేలికదనంలో మీ చెల్లెలికి ఏమీ అందలేదు.

తిక్కన పాఠకుడు:

గాంధీజీ తన ఆత్మకథలో చెప్పిన సంఘటన ఇక్కడ పనికివస్తుంది. పదిహేనేళ్ళ వయసులో అన్న చేసిన దాదాపు 25 రూపాయల అప్పు తీర్చడానికి అన్న చేతి కడియం నుండి కొంత బంగారం తీశారు. అప్పు తీరింది. అయినా మనసు ఒప్పుకోక, తండ్రికి నోటితో చెప్పలేక, చీటీ మీద రాసి ఇచ్చారు. ఆ చీటీలో క్షమించమని మాత్రమే అడగలేదు, తగిన శిక్ష వేయమని కూడా అడిగారు. మంచం మీద ఉన్న తండ్రి లేచి కూర్చుని చదివి, కన్నీళ్ళతో ఆ కాగితం తడిశాక చించివేశారు. శిక్షించే అధికారం ఎవరి చేతిలో ఉందో వారికే ఆ చీటీ అందింది.

వరంగల్ అధ్యాపకుడు:

పై మాటకు ఒకటి చేర్చి విరమిస్తాను. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన ముగిశాక, డెస్మండ్ టుటు అధ్యక్షతన ఏర్పడిన సత్య, సమాధాన సంఘం 1996 నుండి బహిరంగ విచారణలు జరిపింది. రాజకీయ కారణాలతో నేరాలు చేసినవారికి క్షమాభిక్ష కావాలంటే, జరిగినదంతా దాచకుండా చెప్పాలన్నది నిబంధన. పశ్చాత్తాపపడాలని, క్షమాపణ కోరాలని నిబంధన లేదు. దీనిని తప్పుపట్టినవారు ఎందరో ఉన్నారు, వారి ఆవేదనలో న్యాయం ఉంది. అయినా ఒక విషయం నాకు సరైనదిగా తోస్తుంది. “నన్ను క్షమించు” అన్నప్పుడు మనం ఎదుటివారి నుండి ఏదో అడుగుతున్నాం. ఏ పొలం, ఎంత విస్తీర్ణం, ఎంతకు అమ్మాను, ఆ డబ్బుతో ఏం చేశాను అని చెప్పినప్పుడు వారికి చెందవలసినదాన్ని వారికి ఇస్తున్నాం. మీరు వెళ్ళేటట్టయితే ముందు వివరాలు చెప్పండి. కన్నీళ్ళు పెట్టుకుంటే ఆమె మిమ్మల్ని ఓదార్చవలసి వస్తుంది. ఆ పని ఆమె చేత చేయించకండి.

గోదావరి న్యాయవాది:

ఆచరణకు సంబంధించి రెండు మాటలు. పాత దస్తావేజును రద్దు చేయకుండానే, మిగిలిన భూమిలో ఆమెకు ఎంత చెందాలో అంత దాన దస్తావేజు ద్వారా ఆమె పేరున రాయవచ్చు. అమ్మినదాని విషయం మీరిద్దరూ మాట్లాడుకోవాలి. వెళ్ళేటప్పుడు విడుదల దస్తావేజు, అమ్మకపు దస్తావేజు రెండింటి నకళ్ళూ తీసుకువెళ్ళండి. మరొకటి, మీ భార్యకు, పిల్లలకు చెప్పకుండా మాత్రం వెళ్ళవద్దు.

మాగాణిగట్టు:

వెళ్ళి వచ్చాను. వెళ్ళే ముందు నా భార్యకు చెప్పాను. ఒక పూట మాట్లాడలేదు, తరువాత పుస్తకం తెచ్చి నా సంచిలో పెట్టింది.

చెల్లెలి ఇంట్లో వంటగది పక్కన బల్ల మీద కాగితాలు పెట్టి, అధ్యాపకుడు గారు చెప్పిన విధంగానే విస్తీర్ణం, అమ్మిన ధర, ఇంటికి అయిన ఖర్చు చెప్పాను. మధ్యలో నా గొంతు పూడుకుపోయింది, మంచినీళ్ళు తాగి మళ్ళీ చెప్పాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని విడుదల దస్తావేజును మొదటి పేజీ నుండి చదివింది. సంతకం చేసిన ఇన్నేళ్ళకు అందులో ఏముందో ఆమె చదవడం అదే మొదటిసారి. మూడవ పేజీలో “నా వాటాకు సంబంధించిన సొమ్ము నాకు పూర్తిగా ముట్టినది” అన్న వాక్యం దగ్గర వేలు ఆపి, “ఈ మాట నేను అనలేదు కదా అన్నయ్యా” అంది. అనలేదని చెప్పాను. లేఖరి అలవాటు ప్రకారం రాశాడని అనబోయి, ఆగిపోయాను.

మిగిలిన భూమిలో తన వాటా రాసి ఇస్తానని చెప్పాను. సరే అనలేదు, వద్దనలేదు. బావగారితోనూ పిల్లలతోనూ మాట్లాడి చెబుతానంది. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. భోజనం పెట్టింది. బయలుదేరేటప్పుడు దస్తావేజు నకళ్ళతో పాటు పుస్తకం కూడా ఇక్కడే ఉంచి వెళ్ళమంది. ఇచ్చి వచ్చాను.

నిన్న ఉదయం ఫోను చేసింది. పుస్తకంలో ఎడమవైపు గాజుల తాకట్టు దగ్గర సంవత్సరం రాయలేదేమని అడిగింది. నాకు గుర్తు లేదన్నాను. అమ్మ పక్కనే కూర్చుని కూర తరుగుతోంది. అడిగితే తల ఎత్తకుండానే చెప్పింది, 1998 అని.